ఇద్దరు చూడాలి

కొండ మీద పువ్వును ఒక్కరు చూస్తే చూసినట్టు కాదు. ఇద్దరు చూడాలి. మొక్కల సంఘంలో మేష్టారు పెట్టిన నియమమది. ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఏటా వానలు మొదలైన కొత్తలో సంఘం వాళ్ళందర్నీ ఒక బస్సులో ఎక్కించి కొండలకు తీసుకువెళతాడు. నడిచేటప్పుడు ఎవరైనా "ఇదిగో!" అని అరిస్తే రెండో మనిషి రావాలి, తడి నేల అని చూడకుండా బోర్లా పడుకోవాలి, చూసి "ఉంది" అనాలి. అప్పుడే ఆ పువ్వు ఉన్నట్టు. "ఆశపడ్డవాడి కన్ను లేనిది కూడా చూస్తుంది. పక్కవాడికి ఆ ఆశ ఉండదు కదా" అంటాడాయన.

కళ్ళజోళ్ళ షాపాయన కొండ మీంచి పడి చనిపోయినప్పుడు ఈ నియమం అతని భార్య మెడకు చుట్టుకుంది.

ఆ రోజు పొద్దున బస్సులో మొగుడూపెళ్ళాలు కీచులాడుకున్నారు. పెద్ద విషయం కాదు. ఆయన భూతద్దాలన్నీ జాగ్రత్తగా సంచిలో సర్దుకుని, మంచినీళ్ళ ఫ్లాస్కు మాత్రం ఇంట్లో వదిలేశాడు.

"మీకు పూలుంటే చాలు. పక్కనున్నది దాహంతో చచ్చినా పట్టదు. పొండి, పోయి ఆ కొండ మీదే ఉండిపొండి" అందావిడ.

బస్సంతా నవ్వింది. ఎండైనా వానైనా గొడుగు వదలని ఒకాయన సంఘంలో ఉన్నాడు. అందరూ గొడుగాయన అనే పిలుస్తారు. ఆయన వెనక సీట్లోంచి, "ఇంటి హైకోర్టు తీర్పు చెప్పేసింది బావా! దిగేటప్పుడు నిన్ను లెక్కపెట్టంలే" అన్నాడు. దానికి మరింత నవ్వారు.

కొండ ఎక్కేటప్పుడు ఆయన అందరికంటే ముందు నడిచాడు. రాతిగోడకు అంటుకుని సన్నటి దారి ఒకటి ఉంది. దాని మలుపు దాటితే వెనకవాళ్ళకు మనిషి కనబడడు. మిగతావాళ్ళు ఇంకా చాలా కింద ఉన్నారు. అక్కణ్ణుంచి, వెనకే వస్తున్న భార్యను కేకేశాడు. "త్వరగా రా! ఆరు తెల్లరేకులు, గొంతులో ఊదా! మేష్టారు చెప్పే ఊదాగొంతు ఇదే! రెండో కన్ను నువ్వే, రా!" ఆవిడ వెళ్ళింది, ఆయన భుజం మీంచి చూసింది. రాతి పగుల్లో ఆకైనా లేని కాడ మీద ఒకే ఒక్క పువ్వు. ఊదాగొంతు ఆ కొండల్లో అంతరించిపోయిందని మేష్టారు ఎప్పుడూ చెప్పేవాడు. లోపల కేసరాలెన్నో చూద్దామని ఆయన ఇంకాస్త వంగాడు. కాలికింది రాయి కదిలింది.

జనం పరుగున వచ్చేసరికి వాన అందుకుంది. మర్నాడు పోలీసులతో వెళ్ళి చూస్తే ఆ పగుల్లో నాచు తప్ప ఏమీ లేదు. ఆ జాతి పువ్వు ఒక పూటే ఉంటుంది. దుంప లోపలే ఉండిపోతుంది కాబట్టి పైన గుర్తు మిగలదు. మేష్టారు మంచివాడే, కానీ నియమం దగ్గర మెత్తబడడు. "చూసినవాళ్ళు ఇద్దరమ్మా. అందులో ఒకరు లేరు. నేనేం రాయను?" అన్నాడు.

ఊళ్ళో మాత్రం బస్సులో అన్న మాట మిగిలింది. అత్తగారు వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది. "పువ్వూ లేదు, గివ్వూ లేదు. నలుగురిలో నా కొడుకును పొమ్మంది. వాడు చిన్నప్పట్నుంచీ చెప్పినమాట వినే పిల్లాడు. పోయాడు."

పువ్వు ఉంటే ఆయన వంగి పడ్డాడు. పువ్వు లేకపోతే దూకాడు. కోడలికి మూడో దారి లేదు.

ఇల్లు పైన, షాపు కింద. ఆయన పోయాక షాపు కోడలే నడిపింది. పని ఆయనే నేర్పాడు: గోడ మీది అక్షరాల అట్ట, ముఖమల్ గుంటల్లో వరసగా కూర్చున్న అద్దాల పెట్టె, నంబరు చూసేటప్పుడు ముక్కు మీద పెట్టే బరువైన ఇనుప ఫ్రేము. మొదట నేర్పిన సంగతి మాత్రం వేరు. "కుర్చీలో కూర్చున్నవాళ్ళ మాటే మాట. నీకు కనబడిందని వాళ్ళకు కనబడిందనుకోకు. లేదంటే లేదనే రాసుకో. నువ్వు వాళ్ళ కళ్ళలో దూరి చూడలేవు." కొందరు సిగ్గుపడి అక్షరాలు ముందే బట్టీ పట్టి వచ్చేవాళ్ళు. అలాంటివాళ్ళకు తప్పుడు నంబరు పడేది. "మన తప్పు కాదు, వాళ్ళ మాటకు తగ్గ అద్దాలే వాళ్ళు పెట్టుకుంటారు" అని నవ్వేవాడు.

అత్తగారి కళ్ళజోడు కూడా ఆయన చేతిదే. ఆ నంబరు కోడలికి నోటికి వచ్చు. దాంతో ఆవిడ లాంతరు వెలుగులో కూడా సూదిలో దారం ఎక్కించగలదు.

ఏడాది తిరిగి మళ్ళీ వానలు పడ్డాయి. మేష్టారు మనిషిని పంపాడు. ఈసారి ఆ దారికి తాడు కట్టారు, వస్తావా అని. కోడలు సరేనంది. గదిలోంచి అత్తగారు బయటికొచ్చింది.

"నేనూ వస్తాను."

"మీరు కొండ ఎక్కలేరు అత్తయ్యా."

"ఎక్కడం నా మోకాళ్ళు చూసుకుంటాయిలే. పువ్వు నా కళ్ళతో చూస్తే, చుట్టపక్కాలందరినీ పిలిచి, తప్పు నాదేనని వాళ్ళ ముందు నీ చేతులు పట్టుకుంటాను. లేకపోయిందా, మూట కట్టుకుని నీ పుట్టింటికి దారి చూసుకో."

"ఉంటుంది అత్తయ్యా."

"చూద్దాం, మహాతల్లీ."

ఆ రాత్రి కోడలు దేవుడి గూటి ముందు కూర్చుని ఒక్కటే అడిగింది: ఆ దుంప బతికుండాలని. లోకంలో ఎన్ని కోరికలుంటాయో! ఒక దుంప కోసం దండం పెట్టినవాళ్ళు ఎందరుంటారు?

కొండ ఎక్కే దారిలో పూలకు కొదవ లేదు. గడ్డిలో పచ్చవి, బండల నీడలో గోరంత నీలివి, దుంపల్లోంచి బారుగా లేచిన గులాబిరంగువి. ఒక్కోదాని దగ్గర సంఘం ఆగింది. ఒకరు అరిచారు, ఒకరు పడుకుని "ఉంది" అన్నారు. గొడుగాయన పడుకుంటే పొట్ట అడ్డమొచ్చి పువ్వు అందలేదు. "నాకు పువ్వు కనబడ్డం కాదు, పువ్వుకే నేను కొండలా కనబడుతున్నాను" అన్నాడు. అత్తగారు కూడా నవ్వింది. చేతికర్ర ఆనించుకుంటూ ఏ పూవునూ వదలకుండా చూసింది. ఎవరికీ కనబడని ఒక చిన్న నీలిపువ్వును తనే ముందు చూసింది. "పెద్దమ్మగారివి గద్ద కళ్ళు" అని మేష్టారు మెచ్చుకున్నాడు.

"నా కొడుకు చేసిన అద్దాలు నాయనా" అందావిడ.

సన్నదారి దగ్గర మేష్టారు అందర్నీ ఆపాడు. "ఇది వాళ్ళింటి విషయం. ముందు వాళ్ళిద్దరూ చూడనివ్వండి. తర్వాత మనం" అన్నాడు. మలుపు ఇవతల గొడుగాయన కాపలా నిలబడ్డాడు. తాడు పట్టుకుని కోడలు ముందు, అత్తగారు వెనక నడిచారు.

అది ఉంది. అదే పగుల్లో, పిడికెడు మట్టిలో, ఒక్క కాడ మీద. రేకుల మీద ఇంకా తడి ఉంది.

కోడలు చేత్తో చూపించింది. అత్తగారు కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని వంగింది. చాలాసేపు చూసింది.

"ఇదేనా?"

"ఇదే అత్తయ్యా."

"దీన్ని చూడ్డానికే వంగాడా?"

"అవునత్తయ్యా. లోపల కేసరాలెన్నో చూద్దామని."

"ఇంతదానికా?"

కోడలికి ఏడాదిగా ఆగిన ఏడుపు ఒక్కసారి వచ్చేసింది. "ఉంది కదా అత్తయ్యా. చూశారు కదా" అంటూ రాతిగోడకు తల ఆనించుకుంది.

తల ఎత్తేసరికి అత్తగారు చేతికర్ర కొసనున్న ఇనుప పొన్నును పగుల్లో దూర్చి మీటుతోంది. కళ్ళజోడు జారి బండకు రాసుకుంది. ఆవిడ పట్టించుకోలేదు. ఉన్నది పిడికెడు మట్టే కాబట్టి రెండు మీట్లకే వచ్చేసింది. ఎర్రపొర కప్పుకున్న చిన్న దుంప. దాన్ని రొంటిన దోపుకుంది. పువ్వును రెండు అరచేతుల మధ్య నలిపి లోయలోకి విదిలించింది. చేతులు కొంగుకు తుడుచుకుని మలుపు వైపు తిరిగింది.

"గొడుగు నాయనా! ఇక్కడేమీ లేదు."

కోడలు కేక పెట్టింది. "అబద్ధం! పీకేసింది! దుంప రొంటినే ఉంది, చూడండి!"

మేష్టారు వచ్చి పగుల్లో వేలు పెట్టి చూశాడు. "మట్టి తిరగబడింది, నిజమే. కానీ కొండ ఎలుకలకు దుంపలంటే ప్రాణమమ్మా. పెద్దమ్మగారూ, మీరేం చూశారు?"

"నాచు చూశాను నాయనా."

"రొంటిన వెతకండి!" అంది కోడలు.

గొడుగాయన మొహం చిట్లించాడు. "పెద్దావిడ ఒళ్ళు తడమమంటావా అమ్మా? మాకూ తల్లులున్నారు."

అత్తగారు రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. "తడుముకోమను నాయనా. కొడుకును తీసుకుంది. ఇంక ఈ కోకే మిగిలింది, అదీ తీసుకోమను."

అందరూ తలో వైపు చూశారు. కోడలి చెయ్యి ముందుకు రాలేదు. ఆ దారిలో అంతమంది మధ్య ఎవరి చెయ్యి వస్తుంది? తిరుగు బస్సులో కోడలి పక్క సీటు ఖాళీగానే ఉండిపోయింది. గొడుగాయన తన ఫ్లాస్కులోంచి అత్తగారికి వేడి టీ పోసి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక కోడలు మూట కట్టుకుంది. అత్తగారు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఎక్కడికి?"

"మీరు పొమ్మన్నారు కదా."

"నువ్వు పోతే నేనెవర్ని తిట్టుకోను? వాడు పువ్వు కోసం పోయాడంటే, ఆ పువ్వును తిట్టుకోనా? అది నా మాట వింటుందా? నువ్వుండాలి. రోజూ పొద్దున్నే నీ మొహం చూడాలి, నిన్ను తిట్టుకోవాలి, అప్పుడుగానీ నాకు ముద్ద దిగదు. మూట విప్పు."

ఎవరూ లేనప్పుడు ఆవిడ అన్న మాట ఇది. ఇదీ ఒక్కరు విన్నదే. పుట్టింట్లో కూడా అందరూ పోయినవాళ్ళే కాబట్టి కోడలు మూట విప్పింది.

పది రోజులకు డాబా మీద పిట్టగోడ పక్కన కొత్త తొట్టి ఒకటి కనబడింది. అందులో సన్నటి ఆకులు రెండు.

"ఏమిటత్తయ్యా ఇది?"

"ఉల్లిపాయ. మొలకొచ్చింది, పారేయడమెందుకని పాతాను."

కోడలు చూసింది పువ్వునే, ఆకును కాదు. ఈ జాతికి పువ్వున్నప్పుడు ఆకు రాదు, ఆకున్నప్పుడు పువ్వుండదు. ఒకటి పోయాకే రెండోది వస్తుంది. అది ఉల్లిపాయ కాదని తెలుసు, కానీ ఆకును పట్టుకుని మేష్టారి దగ్గరికి వెళితే ఆయన ఏమంటాడో కూడా తెలుసు. "విచ్చిన పువ్వు చూపించమ్మా" అంటాడు.

అత్తగారు రోజూ స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, ఆ చేత్తోనే తొట్టికి నీళ్ళు పోసేది. ఆకులు ఎండిపోయాక ఖాళీ మట్టికి కూడా పోసింది. ఆవిడ భక్తి అబద్ధం కాదు. అబద్ధమాడిన నోటితో చేసిన ప్రార్థనను దేవుడు ఏ చెవితో వింటాడో మనకు తెలియదు. వింటాడనే అనుకోవాలి. అలాంటివి వినకపోతే మనలో ఎవరిది వింటాడు?

మళ్ళీ వానలొచ్చాయి. ఒక పొద్దున కోడలు దేవుడి గూడు తుడవబోయి ఆగిపోయింది. రోజూ పెట్టే పూల మధ్య ఒక మొగ్గ ఉంది. విచ్చకముందే తుంచినది. తెల్లగా, మొదట్లో ఊదాచారతో. డాబా మీదికి పరుగెత్తింది. తొట్టిలో గోటితో గిల్లిన కాడ, దాని మొదట్లో ఒక కళ్ళజోడు అద్దం ముక్క. మొగ్గ గిల్లడానికి వంగినప్పుడు అత్తగారి కళ్ళజోడు జారి, తొట్టి అంచుకు కొట్టుకుని పగిలింది.

ఆ మధ్యాహ్నమే అత్తగారు గోడ పట్టుకుంటూ షాపులోకి దిగింది. బల్ల మీద ఇద్దరు బేరాలు కూర్చుని ఉన్నారు: పాలాయన, ఒక టీచరమ్మ.

"పాత నంబరే వేసి ఇవ్వు" అంది అత్తగారు.

"ఏడాది దాటింది. చూసి వెయ్యాలి. మీ అబ్బాయి పెట్టిన పద్ధతే" అని కోడలు కుర్చీ చూపించింది.

ఇనుప ఫ్రేము ముక్కు మీద పెట్టి, మొదటే ఆవిడ అసలు నంబరు అద్దం వేసింది. తర్వాత అక్షరాల అట్ట కింద ఒక చిన్న గాజుసీసా పెట్టింది. అందులో ఆ మొగ్గ ఉంది.

"సీసాలో ఏముందో చెప్పండి."

అత్తగారి వేళ్ళు కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి. "ఏమీ లేదు."

బల్ల మీంచి పాలాయన, "అదేంటి పెద్దమ్మా, ఇక్కణ్ణుంచి నాకే కనబడుతోంది, ఏదో మొగ్గ కదా!" అన్నాడు.

"నీ కళ్ళు నీవి, నా కళ్ళు నావి. నువ్వు పాలల్లో నీళ్ళు చూసుకో."

టీచరమ్మ నవ్వు ఆపుకుంది. కోడలు నవ్వలేదు. అసలు అద్దం తీసి ఇంకోటి వేసింది.

"ఇప్పుడు?"

"లేదు."

ఇంకా ఎక్కువ నంబరు వేసింది. "ఇప్పుడు?"

"లేదని చెప్పాను కదా."

అద్దం మార్చిన ప్రతిసారీ కోడలు అడిగింది. ప్రతిసారీ అత్తగారు లేదంది. పెట్టెలో ఆ వరస చివరి గుంట వచ్చింది. అప్పటికి ఆవిడకు సీసా కాదు కదా, గోడ కూడా కనబడుతూ ఉండదు.

"ఇప్పుడు?"

"లేదు" అంది అత్తగారు. బహుశా ఈ ఒక్కసారి నిజమే చెప్పింది.

కోడలు ఫ్రేము తీసి, ఆ చివరి నంబరుకే అద్దాలు అరగదీసింది. కుర్చీలో కూర్చున్నవాళ్ళ మాటే మాట. సాయంత్రం తెచ్చి అత్తగారి చెవులకు తనే తగిలించింది.

"కనబడుతోందా అత్తయ్యా?"

అత్తగారు గది నలువైపులా తల తిప్పింది. ఆ అద్దాలు తీస్తే చీకటి, పెట్టుకుంటే పొగమంచు. నంబరు తప్పు అంటే, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. సీసాలో ఏముందో చెప్పాలి.

"బాగా కనబడుతోంది" అంది.

అప్పట్నుంచి ఇంట్లో గిన్నెలు పడే చప్పుడు ఎక్కువైంది. ఆవిడ గడప తన్నుకుంది, వేడి మూకుడు పట్టుకుని చెయ్యి కాల్చుకుంది. కోడలు వెన్న రాసి, "కనబడుతోంది కదా?" అని అడిగింది. "కనబడుతోంది" అని జవాబొచ్చింది. ఇద్దరూ ఒకే దేవుడికి, ఒకే గూటి ముందు, వేర్వేరు వేళల్లో దండం పెట్టుకున్నారు. ఎవరేం కోరుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

ఒక దుంపలోంచి మొగ్గ ఒక్కటే రావాలని లేదు. గిల్లిన కాడ పక్కనే రెండోది లేచింది. అత్తగారు రోజూ తొట్టి మట్టిలో వేళ్ళు ఆడించి వెతికేది, కానీ కాడ అవతలి అంచున పిట్టగోడకు ఒరిగి పెరిగింది. అది విచ్చిన పొద్దున కోడలు బట్టలు ఆరేయడానికి పైకొచ్చింది.

ఆరు తెల్లరేకులు. గొంతులో ఊదా. ఈసారి ఎవరి భుజమూ అడ్డం లేకుండా చూసింది. మేష్టారికి ఫోను కలిపింది. ఆయన ఇల్లు రెండు వీధుల అవతలే. మెల్లగా నడిచి వచ్చినా పువ్వు ముడుచుకునే లోపల వచ్చేస్తాడు. వంగుతాడు, "ఉంది" అంటాడు. అంతే చాలు. ఫోను మోగుతోంది.

మెట్ల మీద చెంబు చప్పుడైంది. అత్తగారు తడుముకుంటూ వచ్చి నీళ్ళు పోసింది. సగం నీళ్ళు తొట్టి బయట పడ్డాయి. కూర్చుని మట్టిలో వేళ్ళు పెట్టింది. ఆ వేళ్ళు పువ్వు దాకా వెళ్ళి, వెంట్రుకవాసిలో గాలిని తాకి, వెనక్కొచ్చాయి. మొగ్గ దొరికితే తుంచాలనో, విచ్చితే కొడుకు ఆఖరున చూసినది తనూ ఇంకొక్కసారి చూడాలనో, ఆవిడకే తెలియాలి. అక్కడ ఎవరో ఉన్నట్టు తెలిసి తల ఎత్తింది.

"అమ్మాయ్" అంది. కొడుకు పోయిన తర్వాత ఆ పిలుపు ఇదే మొదలు. "అమ్మాయ్, తొట్లో ఏమైనా పూసిందా?"

సరిగ్గా అప్పుడే ఫోను ఎత్తాడు మేష్టారు. "హలో, ఎవరు? చెప్పమ్మా."

కోడలు పువ్వును చూసింది. దానికి ఎదురుగా, జానెడు దూరంలో, మందపాటి అద్దాల వెనక పెద్దవై ఎటో చూస్తున్న రెండు కళ్ళను చూసింది.

"ఏమీ లేదు" అంది.

"ఏమీ లేదా? మరెందుకు చేశావమ్మా?" అన్నాడు మేష్టారు ఫోన్లో. కోడలు ఫోను పెట్టేసింది.

"పోనీలే. ఇంకా వానలున్నాయిగా, వస్తుంది" అంది అత్తగారు. చెంబు పక్కన పెట్టి, పిట్టగోడకు వీపు ఆనించి, తొట్టి వైపు మొహం పెట్టుకుని కూర్చుంది.

కోడలు కిందికి దిగి షాపు షట్టరు ఎత్తింది. అప్పటికే ఎవరో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్రేము పెట్టి, పై వరస చదవమంది. పైన మధ్యాహ్నానికి రేకులు ముడుచుకున్నాయి.